తెడ్డు పట్టిన ఏనుగు

నవ్వబాకక్కా. నవ్వితే గొంతు దగ్గర కుట్లు లాగుతాయని ఆ డాక్టరు చెప్పింది నీతో కాదు, నాతో. నీ మాట నువ్వు వినవని ఆయనక్కూడా ఒక్క చూపులో అర్థమైపోయినట్టుండాది.

పదైదు దినాలు నోరు తెరవకూడదన్నాడా? ఇంకా నాలుగుండాయి. అవి ఎప్పుడైపోతాయా అని నువ్వు ఎదురుచూస్తా ఉండావు. నేనేమో అయిపోతాయేమోనని భయపడతా ఉండా. ఎందుకంటే ఈ సంగతి నీకు చెప్పాలంటే నువ్వు మాట్లాడని దినాల్లోనే చెప్పాల. నీ నోరు బాగైందంటే రెండో మాటకే నువ్వందుకుంటావు, నేను మళ్ళీ తలూపుకుంటా కూర్చుంటా.

పద్దెనిమిదేళ్ళక్కా. ఆ అంగన్‌వాడీలో నువ్వు టీచరు, నేను ఆయా. నువ్వు మాట్లాడినావు, నేను తలూపినా. ఆఫీసోళ్ళు వచ్చినా, పిలకాయల తల్లులు పోట్లాటకొచ్చినా, నా తరఫున కూడా చెంచులక్ష్మి టీచరే. "మా పోలేరమ్మకి నోట్లో నాలుక లేదు" అని నువ్వు అందరితో చెప్తే, అవునని కూడా నేను అనలా. దానికీ తలే ఊపినా.

ఇప్పుడు దేవుడు నీ నోరు మూసి నా నోరు తెరిచినాడు. తెరిచీ తెరవంగానే అది చేసిన ఘనకార్యం విను.

ఆ పలక పక్కన పెట్టు. గంజి తాగతా విను, చల్లారిపోతే మళ్ళీ కాచేది నేనే.

ఇప్పుడు పన్నెండున్నర. మూడింటికి అంగన్‌వాడీలన్నిటికీ పైనుండే ప్రాజెక్టు మేడమ్ మన సెంటరుకొస్తుంది. తల్లులందరినీ పిలిపించమంది. అందరి ముందరా నా చేత్తో ఒక కాయితం తీసుకోవాలని వస్తా ఉండాది. ఆ కాయితం నా దగ్గర లేదు. ఇంట్లో యాడో పెట్టి మరిచిపోయిందీ కాదు. ఈ భూమ్మీదే లేదు.

అదీ సంగతి.

పోయిన బుధవారం హైస్కూల్లో మీటింగుకి నువ్వు పోవాల్సింది. నీ గొంతు కోసినారు గాబట్టి, "నువ్వు పోయి ఊరికే కూర్చొని రా" అని పలక మీద రాసినావు. ఊరికే కూర్చొని రావడం ఒకటే నాకు చక్కగా వచ్చిన విద్య. దాన్ని కూడా చెడగొట్టుకొని వచ్చినా.

పిలకాయల బుర్ర పుట్టినప్పట్నుంచి ఎట్టా పెరుగుతుందో చెప్పే మీటింగది. తల్లుల్ని పిలిచినారు, మన అంగన్‌వాడీ వాళ్ళని పిలిచినారు, తొమ్మిదీ పది చదివే ఆడపిలకాయల్ని కూడా తెచ్చి కూర్చోబెట్టినారు. మా ప్రత్యూష మూడో వరసలో ఉండాది. నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకునింది. పదైదేళ్ళ బిడ్డ, నలుగురిలో అమ్మని చూసి చెయ్యూపుతుందా? నేను కూడా చూడనట్టే కూర్చున్నా. ఆ విద్య కూడా వచ్చు నాకు.

ఆ ప్రాజెక్టు మేడమే గోడ మీద బొమ్మేసి చూపించింది. మెదడంట. నేనేమో ఆరేసి మడతపెట్టిన వలనుకున్నా. అన్ని మడతలుండాయి దానికి. పుట్టినప్పుడు అన్ని పోగులూ ఉంటాయంట గానీ ముళ్ళు పడి ఉండవంట. బిడ్డని ఎత్తుకుంటే ఒక ముడి, మాట్లాడిస్తే ఒక ముడి, కథ చెప్తే ఒక ముడి. వాడిన దారి గట్టిపడతాది, వాడని దారి పూడిపోతాదంట. మన ఏరు సముద్రంలో కలిసే మొగ పూడిపోవడం లేదా, పడవలు తిరక్కపోతే? అట్టా. నేను పదేళ్ళకే బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకున్నా గదా. నా మొగ ఎప్పుడో పూడిపోయి పైన తుమ్మచెట్లు కూడా మొలిచుంటాయనుకొని నాలో నేను నవ్వుకున్నా.

రెండేళ్ళ బిడ్డ కళ్ళు మూసుకొని, నేను ఎవరికీ కనబళ్ళేదనుకుంటుందంట. ఎందుకంటే తనకి కనిపించేదే లోకం. ఎదుటిమనిషి బుర్రలో ఇంకో లోకం ఉందని నాలుగైదేళ్ళకి గానీ తెలవదంట. అది తెలిసిన దినమే బిడ్డ మొదటి అబద్ధం చెప్తుందంట. పాలు నేను ఒలకబోయలా, కాకి ఒలకబోసింది అని. అట్టా చెప్తే కొట్టబాకండి, బుర్ర ఒక మెట్టెక్కిందని సంతోషపడండి అనింది మేడమ్. ఆ లెక్కన నేను లైటుహౌసు మీదుండాల.

తర్వాత రెండు గ్లాసుల్లో సమంగా నీళ్ళు పోసింది. ఒక గ్లాసులోవి సన్నగా పొడుగ్గా ఉండే ఇంకో గ్లాసులోకి వంపింది. నాలుగేళ్ళ బిడ్డనొకదాన్ని పిలిచి యాడ ఎక్కువుండాయని అడిగింది. ఆ బిడ్డ పొడుగు గ్లాసే చూపించింది. అందరూ అబ్బ అనుకున్నారు.

నా పక్కన కొడవలూరు ఆయమ్మ కూర్చోనుండాది. ఆమె చెవిలో నేను, "ఇది మా గుడ్డే గదా" అన్నా. అంతే. నా ఖర్మకి మేడమ్ చూసింది. ఏందమ్మా, గట్టిగా చెప్పండి అని మైకు తెచ్చి నోటి కాడ పెట్టింది.

మైకక్కా. నా నోటి కాడ. నువ్వుంటే లాక్కునేదానివి.

అయినా గుడ్డు సంగతి నాకు నిద్రలో కూడా వచ్చు గదా. చెప్పేసినా. ఇంట్లో అన్నకి రెండు గుడ్లు పెట్టినారని, నాకూ రెండు కావాలని ఒక పిల్లోడు ఏడిచినాడని, చేసేది లేక ఉడకబెట్టిన గుడ్డుని దారంతో కోసి రెండు ముక్కలు చేసి పెట్టినానని, రెండున్నాయని వాడు ఎగిరి గంతేసినాడని. ఆ మర్నాటి నుంచి అందరికీ దారమేనని. ఎప్పుడో ఒకనాడు, ఐదు దాటి ఆరులో పడినాక, ఆ బిడ్డే నా మొహం చూసి "ఆయమ్మా, అది ఒకటే. నువ్వు కోసినావు" అంటుందని. గుడ్డు తెలిసిన బిడ్డని ఒకటో తరగతికి పంపొచ్చని మా టీచరూ నేనూ అనుకుంటామని.

జనం పడీ పడీ నవ్వినారు. నన్ను చూసి కాదక్కా, గుడ్డుకి. మేడమ్ అయితే నా భుజం మీద చెయ్యేసి, నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది ఈమె దారప్పోగుతో కనుక్కునిందని చెప్పింది. నా జన్మలో ఎవరూ నన్ను అట్టా అనలా. తల తిరిగింది. ఆ తిరుగుడులోనే అడిగింది, మీరెంతవరకు చదివినారమ్మా అని.

మూడో వరసలోకి చూసినా. ప్రత్యూష ఇప్పుడు తల తిప్పుకోలా. నన్నే చూస్తా ఉండాది.

"పది" అన్నా.

చూడబాకక్కా అట్టా. నా కాయితాలు రాసిందే నువ్వు. ఐదో తరగతి పాసని నీ చేత్తోనే రాసినావు. నీ దగ్గరా, ఆఫీసులోనూ నేను ఐదే. నా కూతురి దగ్గర మాత్రం పది. దాని ముందర మైకులో ఐదని ఎట్టా చెప్పేది?

మేడమ్ సంబరపడిపోయింది. మీ టీచరు వచ్చే నెల్లో రిటైరవుతుంది గదా, పది పాసైన ఆయా ఉంటే ముందు ఆమెకే ఆ పోస్టు, వచ్చే బుధవారం మీ ఊరొస్తా, సర్టిఫికెట్ జిరాక్సు సిద్ధంగా పెట్టు, తల్లులందరి ముందరా చెప్దాం అనింది. అందరూ చప్పట్లు కొట్టినారు. అందరూ ఆపినాక కూడా ఒక చప్పుడు వినపడతానే ఉండాది. మూడో వరసలోంచి.

దానికి ఐదేళ్ళప్పుడు మొదలైంది ఈ పది. బళ్ళో ఎవరో అడిగినారంట, మీ అమ్మ ఎంత చదివిందని. ఇంటికొచ్చి నన్నడిగింది. పక్కింటి రోజారమణి వాళ్ళమ్మ పది వేళ్ళు చూపించిందంట. నేను ఒక్క చెయ్యి చూపిస్తే బిడ్డ మొహం ఎట్టా పెడతాదో అనిపించింది. రెండు చేతులూ చూపించినా. ఐదేళ్ళ బిడ్డ, నా వేళ్ళన్నీ ఒకటొకటే ముట్టుకొని చూసి నమ్మేసింది.

ఒక అబద్ధం చెప్పి ఊరుకుంటే పోయేది. దానికి పడవ కట్టి, తెరచాప కూడా ఎత్తినా.

గుర్తుండాదా, పళ్ళ డాక్టర్లు మన సెంటరుకొచ్చి రంగు పుస్తకాలు పంచినారు? అంతా ఇంగ్లీషు. ఒకటి ప్రత్యూషకిచ్చినా. చదివి చెప్పమ్మా అనింది. పది చదివిన అమ్మ గదా, చదవకుండా ఎట్టా? పుస్తకం తెరిచి వేలు పెట్టి, బొమ్మలు చూసి చెప్పుకుంటా పోయినా.

మొదటి పేజీలో ఏనుగు. చేతిలో దానంత పొడుగు కర్ర. అది తెడ్డని చెప్పినా. రెండో పేజీలో గొంతు దాకా తెల్ల నురుగు. అలలు. సముద్రంలోకి దిగిందని చెప్పినా. మూడో పేజీలో నోరంతా తెరిచింది. మిగతా పడవలోళ్ళని కేకేస్తా ఉండాదని చెప్పినా. తర్వాత గుండ్రంగా, లోపల ఏనుగు మొహం. చందమామ. అంత దూరం పోయినాక చందమామలో తన మొహం తనకే కనిపించిందంట. ఆఖరి పేజీలో ఇంట్లో పడుకోనుంది. వేట ముగించుకొని క్షేమంగా ఒడ్డుకొచ్చింది.

ఎన్నిసార్లు చెప్పినా ఆఖరికి ఒడ్డుకొచ్చేది. రాకుండా ఎట్టా చెప్తానక్కా, దాని నాయన మాల్యాద్రి వారానికి ఐదు దినాలు నీళ్ళ మీదుండే మనిషి.

ఐదేళ్ళప్పుడు ఏం చెప్పినా నమ్మింది. ఆరులో అడిగింది, "నిన్న ఏనుగుకి సొరచేప కనపడింది, ఈ దినం కనపళ్ళేదే?" అని. గతుక్కుమన్నా. పుస్తకంలో కథ కూడా నీ మాదిరే దినదినమూ పెరుగుతుంది అని చెప్పినా. ఎంత తెలివి చూడు నాది. అవునా అని పుస్తకాన్ని దిండు కింద పెట్టుకొని పడుకునింది, ఇంకా పెరుగుతాదని.

ఏడులో ఇంకోటి పట్టింది. "అమ్మా, తెడ్డుని తీసకపోయి గ్లాసులో ఎందుకు పెట్టింది?" ఆఖరి పేజీలో మంచం పక్కన గ్లాసుండాది, అందులో ఆ కర్ర నిలబెట్టుండాది. నేను అంతవరకూ చూళ్ళా. దినమంతా నీళ్ళు తోసింది గదా, తెడ్డుకి దాహమైంది అని చెప్పినా.

నవ్వబాకని చెప్పినానా లేదా? గొంతు పట్టుకో. ఆఁ.

ఆ మీటింగులో మేడమ్ ఇదే చెప్పిందక్కా. చిన్నప్పుడు ఏది ముందుంటే అది నమ్ముతారు. ఏడెనిమిదిలో ఈ ముక్కా ఆ ముక్కా కలిపి చూస్తారు, కలవకపోతే అడుగుతారు. పన్నెండు దాటితే, ముందర లేనిదాన్ని గురించి కూడా ఆలోచిస్తారు. ఇట్టా కాకుండా అట్టా అయ్యుంటే అని. ఎదుటిమనిషి ఏమనుకుంటుంది, నేను అనుకుంటా ఉన్నానని ఆమె ఏమనుకుంటుంది, అన్ని మెట్లు దిగి చూస్తారంట. అయితే నుదుటి వెనక ఒక భాగముందంట, పడవకి లంగరు మాదిరిది. ఎగదోసుకొని పోకుండా నిలబెట్టేది. అది మాత్రం ఆఖర్న పండుతుందంట, ఇరవై అయిదేళ్ళకి. అందుకే ఈ వయసోళ్ళు ఒక దినం పెద్దమనుషుల మాదిరి ఉంటారు, మర్నాడు తలుపు దబీమని వేస్తారు, ఓర్చుకోండి అని చెప్పింది.

నేను ఓర్చుకుంటానే ఉండా. రెండేళ్ళుగా అది నన్ను అదో రకంగా చూస్తుంది. ఏదో అడగబోయినట్టు చూసి, అడక్కుండా పోతుంది. నీకెందుకమ్మా అందరి ముందరా అంత భయం అంటుంది. వయసు అట్టాంటిదిలే అనుకున్నా. లంగరు పండలేదనుకున్నా. ఎవరి లంగరు పండలేదో ఇప్పుడు తెలిసింది.

మీటింగైన మర్నాడే గిరిబాబు జిరాక్సు షాపుకి పోయినా. ఎందుకో చెప్పాలంటే సిగ్గుగా ఉండాది. ఇదొక్కటీ ఎవరికీ చెప్పలా. సర్టిఫికెట్లు చేసిచ్చే వాళ్ళు ఎక్కడో ఉంటారని విన్నా. గిరిబాబుకి తెలుసేమో అడుగుదామని పోయినా. ఒట్టక్కా. పిలకాయలకి పెట్టే గుడ్డు ఒక్కటి కూడా ఇంటికి తీసకపోని దాన్ని, దొంగ సర్టిఫికెట్ కోసం పోయినా.

పోయి నిలబడినా. "ఏం కావాలమ్మా?" అన్నాడు గిరిబాబు. సంచిలో చెయ్యి పెడితే ఆధార్ కార్డు తగిలింది. జిరాక్సు అన్నా.

శుక్రవారం మళ్ళీ పోయినా. షాపులో ఇద్దరు మొగోళ్ళుండారు. ఇంకో జిరాక్సు.

శనివారం ఎవరూ లేరు. గిరిబాబు ఒక్కడే ఉండాడు. అయినా ఆధారే బయటికొచ్చింది. అతను నవ్వి, "పోలేరమ్మక్కా, ఎన్ని ఇళ్ళు రాయించుకుంటా ఉండావు?" అన్నాడు. సిగ్గు నన్ను మంచి పనులు కూడా చేయనీలా, చెడ్డ పని కూడా చేయనీలా. దొంగతనానికి కూడా పనికిరాని మనిషిని.

ఆ జిరాక్సులు మూడూ బియ్యం డబ్బా మీద పెట్టి మరిచిపోయినా.

నిన్న సాయంత్రం సెంటరు నుంచి ఇంటికి పోయేసరికి ప్రత్యూష వాటిని ముందర పరుచుకొని కూర్చోనుంది. ఆధార్ జిరాక్సులు ఇన్నెందుకమ్మా అని అడిగింది. నేను చీపురు తీసుకొని ఊడిచిన ఇల్లే మళ్ళీ ఊడిచినా. రేపు మేడమ్ వస్తుంది గదా, సర్టిఫికెట్ యాడ పెట్టినావని అడిగింది. పాత పెట్టెలో ఉండాదన్నా. పెట్టె నేను చూసినా అనింది. మా అమ్మ వాళ్ళింట్లో ఉండిపోయిందేమో అన్నా. అమ్మమ్మకి ఫోన్ చేసేదా అనింది.

చూడక్కా, ఎట్టా ఒక్కొక్క దారే మూసుకుంటా వచ్చిందో. వల లాగే వాళ్ళు కూడా అంత పద్ధతిగా లాగరు.

అప్పుడు అది లేచిపోయి పుస్తకాల సంచిలోంచి ఒక కాయితం తెచ్చి నా ముందర పెట్టింది. మడత పెట్టిన చోట చిరిగిపోయుండాది. ఓపెన్ స్కూల్ పదో తరగతి ఫారమంట. పెద్దోళ్ళు ఇంటి కాడుండి చదువుకొని రాసేది. పేరు, పోలేరమ్మ. నాయన పేరు, ఓబయ్య. ఊరు, వయసు, అన్నీ దాని చేతిరాతే. చదువు అనే కాడ చూసినా.

ఐదో తరగతి అని రాసుండాది.

వయసు నలభై ఒకటని ఉండాది. ఇప్పుడు నాకు నలభై మూడు. అంటే రెండేళ్ళ కిందట రాసింది. ఎనిమిదో తరగతిలో ఉండంగా.

చీపురు అట్టే పట్టుకొని కూలబడినా. "ఎప్పట్నుంచి తెలుసే?" అన్నా.

"ఐదో తరగతిలోనే. ఆ పుస్తకం నేనే చదువుకున్నా, తర్వాత అమ్మమ్మనడిగినా."

"ఏముంది ఆ పుస్తకంలో?"

"పళ్ళు ఎట్టా తోముకోవాలని ఉంది మా."

తెడ్డు కాదంటక్కా. బ్రష్షంట. నురుగు అలలు కాదంట, పేస్టంట. చందమామ అద్దమంట. బ్రష్షు నాకు తెలియక కాదు, మా ఇంట్లో మూడుండాయి. కానీ ఏనుగంత పొడుగు బ్రష్షు ఎవరు చూసినారు? మా ఇంట్లో ఆ పొడుగుండేది తెడ్డొకటే. పళ్ళు తోముకునే ఏనుగుని ఏళ్ళ తరబడి నడిసముద్రంలో తిప్పినా.

అప్పుడు నాకు ఇంకోటి గుర్తుకొచ్చింది. అదొచ్చినాక చీపురు కూడా జారిపోయింది.

మూడేళ్ళ కిందట మా ఆయన పడవ రావాల్సిన దినం దాటి మూడు దినాలు రాలా. ఇంజన్ చెడిపోయి దక్షిణానికి కొట్టుకొనిపోయింది. నీకు తెలుసు, మూడు దినాలూ సెంటరు నువ్వొక్కదానివే చూసుకున్నావు. ఇంట్లో నేను కూర్చుంటే కూర్చోలేను, లేస్తే లేవలేను. చేతులు వణకతా ఉండాయి. రెండో దినం సాయంత్రం ప్రత్యూష ఆ పాత పుస్తకం తెచ్చి, నాకు భయంగా ఉండాదమ్మా, ఏనుగు కథ చదవమ్మా అని ఒళ్ళో తలపెట్టింది. పన్నెండేళ్ళ బిడ్డ. పాపం, పెద్దదైనా ఇంకా చిన్నపిల్లేనని మురిసిపోయినా. ధైర్యం చెప్పాల్సిందాన్ని నేనేనని లేచి కూర్చొని, వేలు పెట్టి చదివినట్టు చెప్పినా. ఆ ఏనుగు తుఫాన్లో చిక్కుకునింది, దారి తప్పింది, రెండు రాత్రులు నీళ్ళ మీదుండింది, మూడో నాడు ఒడ్డుకొచ్చింది. చెప్పేటప్పుడు నా చేతుల వణుకు ఆగింది. మర్నాడు మా ఆయన కూడా ఒడ్డుకొచ్చినాడు.

అప్పటికే దానికి తెలుసు గదక్కా. అది బ్రష్షని తెలుసు. నాకు ఇంగ్లీషు చదవడం రాదని తెలుసు. నా వేలి కింద పళ్ళు ఎట్టా తోముకోవాలో రాసుంటే, అది చదువుకుంటానే నా తుఫాను వినింది.

"ఆ దినం నీకు భయం లేదా?" అని అడిగినా.

"నాకుండింది. నీకు ఇంకా ఎక్కువుండింది. కథ చెప్తే నీ చేతులు వణక్కుండా ఉంటాయి గదా, అందుకడిగినా."

పద్దెనిమిదేళ్ళుగా దారం నా చేతిలోనే ఉందనుకున్నా. ఏ బిడ్డకి గుడ్డు తెలిసిందో, ఎవరికి తెలవలేదో నేనే చూసి చెప్పేదాన్ననుకున్నా. నా ఇంట్లో నా కూతురు గుడ్డుని రెండు ముక్కలు కోసి నా ముందర పెట్టింది, ఇన్నేళ్ళు. నేను రెండున్నాయని మురిసిపోయి తిన్నా.

మరి చెప్పలేదెందుకే అని అడిగితే, నువ్వే చెప్తావని చూసినా అనింది. ఫారం రాసుకొని రెండేళ్ళు పెట్టుకునిందంట, నేను ఎప్పుడు నోరు తెరిస్తే అప్పుడు ముందర పెడదామని. నోరైతే తెరిచినా, మైకులో. అన్నేళ్ళు ఎదురుచూసింది అందుకేనా పాపం.

అప్పుడు చప్పట్లు ఎందుకు కొట్టినావే అన్నా. అందరూ ఆపినాక కూడా కొట్టినావే అన్నా. గుడ్డు సంగతి బాగా చెప్పినావు, దానికి కొట్టినా అనింది. పదికి కాదంట.

తర్వాత అది ఆధార్ జిరాక్సులు మూడూ ఎత్తి సమంగా సర్ది, ఇవి వృథా పోలేదులే, దీనికి కావాల్సినవే అనింది. ఈ ఫారం పాతదైపోయిందంట, ఇప్పుడంతా కంప్యూటర్లోనే కొట్టాలంట. ఎక్కడ కొడతారనుకున్నావు? గిరిబాబు షాపులో. ఇంకో మెలిక కూడా పెట్టింది. రేపు మేడమ్‌కి నిజం చెప్పినాకే ఫారం, చెప్పకపోతే లేదు అనింది. చెప్పకుండా పోతే ఈ పది కూడా ఆ పది మాదిరే అయిపోతుందంట. లంగరు పండని బిడ్డ మాటలా అవి?

పొద్దున్నే ఒక లెక్క నేర్పించింది. రెండు చెంబుల నీళ్ళు, పొడుగు బిందె, పొట్టి బిందె, ఏదో. నేను పొడుగు బిందే అన్నా. అది ఒక్క నిమిషం నా మొహం చూసి, తల కొట్టుకోకుండా, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నేను పిలకాయలకి చెప్పేది అట్టనే గదా. యాడ నేర్చుకునిందో.

ఇప్పుడేమైతుందంటావా? ఏమీ కాదు. పోస్టు పోతుంది. బయట్నుంచి ఎవరో చదువుకున్న పిల్ల టీచరుగా వస్తుంది, నేను ఆయాగానే ఉంటా, కొత్తామె మాట్లాడితే తలూపుతా. అన్నీ బాగై నేను పది పాసయ్యేసరికి నలభై అయిదో ఆరో. ఇరవై అయిదుకే పండాల్సింది నాకు ఇప్పుడే పిందె పడింది. అది కూడా ఇంకొకరి చేత్తో నీళ్ళు పోయించుకొని.

కాయితం గురించి కాదక్కా నా బాధ. కాయితం లేదని చెప్పడం ఎంతసేపు. తల్లులందరూ కూర్చోనుంటారు. నా చేతి గుడ్డు తిని పెరిగినోళ్ళు కూడా కొందరుంటారు, వాళ్ళ బిడ్డల్నెత్తుకొని వచ్చుంటారు. వాళ్ళ ముందర, నేను చెప్పింది అబద్ధం అని చెప్పాల. నీ గొంతు బాగుంటే, మా పోలేరమ్మకి నోట్లో నాలుక లేదు మేడమ్, కంగారులో అనేసింది అని నువ్వే సర్దేసేదానివి. నేను తలూపేదాన్ని. అంతటితో పోయేది.

ప్రత్యూష కూడా వస్తుందంట. బళ్ళో చెప్పి వస్తానంది. మూడో వరసలో కూర్చోబాకే అన్నా. అక్కడే కూర్చుంటా అనింది.

ఎంతయింది? ఒకటిన్నరా?

ఒక పని చేస్తానక్కా. ఇదే నేను వచ్చింది నిజానికి. గంజి ఒక సాకు. నీ ముందర ఒకసారి చెప్పి చూసుకుంటా. నువ్వే మేడమనుకో. కళ్ళజోడు కొంచెం కిందికి దించు. ఆఁ, అట్టనే చూస్తుంది ఆమె. నేను నిలబడతా.

మేడమ్ గారూ. ఆ దినం మైకులో నేను చెప్పింది అబద్ధం. నేను చదివింది ఐదో తరగతే.

ఏంది, పలకెందుకెత్తినావు? ఇప్పుడే వద్దంటిని గదా. ఇటు తిప్పు.

గట్టిగా. అంతేనా రాసింది? గట్టిగానా?

పద్దెనిమిదేళ్ళుగా పద్యం చెప్పే పిలకాయలతో నువ్వనే మాట. చేతులు కట్టుకో, మొహం పైకెత్తు, గట్టిగా. నీ గొంతు పోయినా నీ టీచరుతనం పోలేదక్కా. తలుపులు తెరిచుండాయి, వీధిలోకి వినపడతాది. ఎదురు వసారాలో పోలిశెట్టి వాళ్ళావిడ చేపలు ఆరబెడతా ఉండాది, ఆమె వింటుంది.

సరే, విననీలే. మూడింటికి వినాల్సిన వాళ్ళే గదా.

మేడమ్ గారూ, నేను చదివింది ఐదో తరగతే.